విలన్ ముఖం మీద మచ్చ ఎందుకు పెట్టాం?

సంపాదకులు గారికి, నమస్కారం.

విద్యార్థుల షార్ట్ ఫిల్మ్‌ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. కెమెరా పనితనం పెరిగిందనీ, ఎడిటింగ్ పెద్ద సినిమాలకు తీసిపోవడం లేదనీ, థ్రిల్లర్‌ని థ్రిల్లర్‌లా, హారర్‌ని హారర్‌లా తీయడం పిల్లలకు బాగా పట్టుబడిందనీ రాశారు. నేనూ సినిమా కోర్సు ఆఖరి సంవత్సరంలో ఉన్నాను కాబట్టి చదివి సంతోషపడ్డాను. కానీ ఆ వ్యాసం ఒక విషయం జోలికే పోలేదు. ఆ థ్రిల్లర్లలో భయపెట్టడానికి ఎవరిని నిలబెడుతున్నాం, నవ్వించడానికి ఎవరిని తెస్తున్నాం, జాలి పుట్టించడానికి ఎవరిని వాడుకుంటున్నాం అన్నది. నేను దాని గురించే రాస్తున్నాను. మా సినిమాలో జరిగినదే చెబుతాను, అది నా తప్పుతోనే మొదలవుతుంది.

మేము ఐదుగురం కలిసి 9 నిమిషాల సస్పెన్స్ సినిమా తీశాం. కథ చిన్నది. రాత్రి ఒంటరిగా ఇంటికి వస్తున్న అమ్మాయి, వెనకాల ఎవరో వస్తున్నారన్న అనుమానం, మెట్లు, తలుపు, అంతే. దర్శకత్వం నాది. వెనకాల వచ్చే మనిషిగా ఎవరు చేస్తారు అన్న మాట వచ్చినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మా ఎడిటర్ పేరు చెప్పాను. అతనికి చిన్నప్పుడు కాలిన గాయం వల్ల ముఖంలో ఒక పక్కంతా మచ్చ ఉంది. "నీకైతే మేకప్ కూడా అక్కర్లేదు" అన్నాను, అతని ఎదురుగానే, అందరూ వింటుండగా. అతను చిన్నగా నవ్వి సరే అన్నాడు. రెండు రాత్రులు షూటింగ్ చేశాం. లైట్ కింద నుంచి కొట్టాం, ఆ మచ్చ ఉన్న వైపే కనిపించేలా కెమెరా పెట్టాం, అతను నెమ్మదిగా తల తిప్పితే ముఖం వెలుగులోకి వచ్చే షాట్ ఒకటి ఏడు టేకులు తీశాం. ఆ షాట్ చూసి మేమంతా చప్పట్లు కొట్టాం.

ఎడిటింగ్ చేయాల్సింది కూడా అతనే కదా. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. తన ముఖాన్ని తనే ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసుకుంటూ, ఎక్కడ ఆపితే చూసేవాళ్లు ఎక్కువ భయపడతారో లెక్క వేసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాడు. పక్కన కూర్చుని "ఇంకో అర సెకను ఉంచు, ఆ మచ్చ సరిగ్గా పడాలి" అని చెప్పింది నేనే. మొదటి కూర్పు పూర్తయ్యాక కంప్యూటర్ ఆపేసి ఒక మాట అన్నాడు. "మూడేళ్లలో నన్ను నటించమని నువ్వు అడగడం ఇదే మొదటిసారి. ఎప్పుడైనా అడిగితే ఏ పాత్రకి అడుగుతావో నాకు ముందే తెలుసు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాదించేదాన్నేమో, ఏదో ఒకటి చెప్పి సర్దుకునేదాన్నేమో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సినిమా తీశాక మేము ఒక నివేదిక రాసి ఇవ్వాలి. అందులో రెండు ప్రశ్నలు ఉంటాయి. ఆ తరహా సినిమాల పద్ధతులను మీరు ఎలా వాడుకున్నారు, ఎక్కడ మార్చారు అన్నది మొదటిది. సమాజంలో ఏయే వర్గాలవారిని ఎలా చూపించారు అన్నది రెండోది. మొదటిదానికి నాలుగు పేజీలు గడగడా రాసేశాను. కెమెరాని కింద పెట్టి పైకి చూపే లో యాంగిల్, చీకటి ఎక్కువగా వెలుగు తక్కువగా ఉండే లైటింగ్, ఒరిగిన ఫ్రేమ్, పాదాల క్లోజప్, ముఖాన్ని ఆలస్యంగా చూపించడం, అన్నీ రాశాను. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదల్లేదు. "ఈ తరం యువతను చూపించాం, ఆడపిల్ల ధైర్యాన్ని చూపించాం" అని రెండు వాక్యాలు రాసి చదువుకుంటే నాకే నమ్మకం కుదరలేదు. అప్పుడు మొదటి జవాబు మళ్లీ చూసుకున్నాను. నేను రాసుకున్న పద్ధతుల్లో ఒకటి, "చూడగానే విలన్ అని తెలిసిపోయే రూపం". దాన్ని కూడా లో యాంగిల్ లాగా, లైటింగ్ లాగా ఒక టెక్నిక్ కింద రాసేశాను. కానీ లో యాంగిల్ అంటే కెమెరాని ఎక్కడ పెట్టామన్నది. ఆ రూపం ఒక మనిషి ముఖం. ఆ మనిషి రేపు పొద్దున్న అదే ముఖంతో ఉద్యోగానికి వెళ్లాలి, అదే ముఖంతో బస్సు ఎక్కాలి, పక్క సీట్లో కూర్చున్న పిల్లవాడు అప్పటికే మాలాంటి సినిమాలు యాభై చూసి ఉంటాడు.

అందుకే సార్, ఆ రెండు ప్రశ్నలూ వేరు కావని నా గట్టి నమ్మకం. పద్ధతి గురించి అడిగితే మనిషి గురించి కూడా అడిగినట్టే. వాటిని రెండు పేజీల్లో వేరుచేసి, అదీ సినిమా అంతా అయిపోయాక అడగడం వల్ల మాకు ఆ సంబంధం కనిపించకుండా పోతోంది. రెండో ప్రశ్న స్క్రిప్ట్ దగ్గరే అడగాలి.

ఇది మా ఒక్క సినిమా సంగతి కాదు. 2017లో అమెరికాలో చర్మవైద్యుల పత్రిక ఒకదానిలో ఒక పరిశీలన వచ్చింది. అమెరికన్ సినిమా చరిత్రలో మొదటి వరసలో లెక్కపెట్టే 10 మంది హీరోలనూ 10 మంది విలన్లనూ పక్కపక్కన పెట్టి వాళ్ల చర్మాన్ని చూశారు. విలన్లలో ఆరుగురికి మచ్చలో, ముడతలో, జుట్టు ఊడిపోవడమో, ఏదో ఒకటి కొట్టొచ్చినట్టు ఉంది. హీరోల్లో చెప్పుకోదగ్గ స్థాయిలో ఒక్కరికీ లేదు. ఆ మరుసటి ఏడాది, 2018లో, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఒక నిర్ణయం తీసుకుంది. ముఖం మీది మచ్చలనూ గాయాలనూ చెడ్డతనానికి గుర్తుగా వాడే సినిమాలకు ఇక తాము నిధులు ఇవ్వబోమని చెప్పింది. ముఖంలో తేడా ఉన్నవాళ్ల కోసం పనిచేసే చేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ "నేను మీ విలన్‌ని కాను" అని నడిపిన ప్రచారానికి మద్దతుగా ఆ మాట ఇచ్చారు. ఈ సంగతి నాకు షూటింగ్ అయ్యాకే తెలిసింది. ముందే తెలిస్తే మానేసేదాన్నా అంటే, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మానేసేదాన్ని కాదేమో. అతను ఆ మాట అన్నాకే నాకు లోపలికి దిగింది.

తర్వాత మేము చేసిన మొదటి దిద్దుబాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది విద్యార్థులు అక్కడితో ఆగిపోయి పని అయిపోయిందనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. కథకి చివర్లో ఒక మలుపు పెట్టాం. వెనకాల వస్తున్న మనిషి ఆమె పడేసుకున్న తాళాలు ఇవ్వడానికే వస్తున్నాడు, మంచివాడు, ఆమె అనవసరంగా భయపడింది. రూపం చూసి మనిషిని అంచనా వేయకూడదని చెప్పినట్టూ ఉంటుంది, థ్రిల్లర్ పద్ధతిని ఎదిరించినట్టూ ఉంటుంది, నివేదికలో రాసుకోవడానికీ బాగుంటుంది. ఎంతో ఉత్సాహంగా మా ఎడిటర్‌కి చెప్పాను. అతను విని, "ముందు భయపెట్టి తర్వాత మంచివాడని చెప్పడానికీ నా ముఖమే కావాలా?" అన్నాడు. అతను అన్నది నిజం. ఆ మలుపు పనిచేయాలంటే, చూసేవాళ్లు ఎనిమిది నిమిషాల పాటు అతని ముఖం చూసి భయపడే తీరాలి. అలా భయపడతారన్న నమ్మకం మీదే మేము ఆ కథ అల్లుకున్నాం. ఆఖరి నిమిషంలో క్షమాపణ చెప్పినంత మాత్రాన మొదటి ఎనిమిది నిమిషాలు ఎక్కడికీ పోవు. పైగా ఆ మలుపులో కూడా అతను ఒక పాఠం చెప్పడానికి పనికొచ్చే వస్తువే, ఇంటికి వెళ్లాక ఏం చేస్తాడో, ఎవరితో పోట్లాడతాడో ఎవరికీ తెలియదు.

ఇక్కడ సినిమా పద్ధతుల మీద నాకున్న ప్రేమ గురించి ఒక మాట చెప్పనివ్వండి. పద్ధతులన్నీ వదిలేయమని నేను అనడం లేదు, అవి లేకపోతే మేము ఏదీ తీయలేం. మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరా దానికి ఒకే వైపు ఉండాలన్న 180 డిగ్రీల నియమం, చెయ్యి తలుపు మీద పడిన కదలిక మీదే కట్ చేసి తలుపు తెరుచుకోవడం చూపించడం, ఇవన్నీ మాకంటే ముందువాళ్లు వందేళ్లకు పైగా కష్టపడి కూర్చిన భాష. ఆ భాషలో ఎంత బలం ఉందో చెప్పడానికి మా క్లాసులో మొదటి వారమే ఒక పాత ప్రయోగం గురించి చెబుతారు. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్, మోజుఖిన్ అనే నటుడి ముఖం ఉన్న ఒకే షాట్‌ని తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ ఉన్న షాట్లు అతికించాడు. చూసినవాళ్లు ఆకలిని ఎంత బాగా పలికించాడో, దుఃఖాన్ని ఎంత బాగా పలికించాడో అని నటుణ్ని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం మారలేదు, పక్కన పెట్టిన షాటే మారింది.

నేను ఆ పాఠం పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను, కానీ అందులో ఉన్న అసలు సంగతి నాకు మా సినిమా పాడయ్యాకే అర్థమైంది. భయం ముఖంలో లేదు, కట్‌లో ఉంది. మరి అలాంటప్పుడు ఒకరి ముఖాన్ని తెచ్చి భయం అని ఎందుకు అతికించాం? కట్ మీద మాకు నమ్మకం లేక. మా పనితనం చాలదనుకున్న చోట మనిషిని తెచ్చి నిలబెట్టాం.

మూడోసారి మళ్లీ తీశాం. ఆ వెనకాల వచ్చే మనిషిని కథలోంచి పూర్తిగా తీసేశాం. అమ్మాయి నడుస్తుంది, అడుగుల చప్పుడు వినిపిస్తుంది, ఆమె ఆగుతుంది, చప్పుడు అర సెకను తర్వాత ఆగుతుంది. ఆ అర సెకను మా ఎడిటర్ పెట్టినదే. వేసి వెళ్లిన తలుపు వేలెడంత తెరిచి ఉంటుంది. మెట్ల మీద లైటు ఆరిపోతుంది, ఫోన్ వెలుతురు మాత్రం ఉంటుంది, ఫోన్‌లో అవతల ఆమె అన్నయ్య మాట్లాడుతూ ఉంటాడు. ఆ అన్నయ్య మా ఎడిటర్. తన గదిలో కూర్చుని, చెల్లెలిని మాటల్లో పెట్టడానికి ఏదేదో చెబుతూ, కాస్త విసుక్కుంటూ, లోపల కంగారు పడుతూ ఉండే అన్నయ్య. అతని ముఖాన్ని మామూలుగా, ఎదురుగా, కిటికీ వెలుతురులో తీశాం. మచ్చ గురించి సినిమాలో ఒక్క మాట లేదు, దాచిపెట్టనూ లేదు. లో యాంగిల్ ఉంది, చీకటి ఉంది, ఒరిగిన ఫ్రేమ్ ఉంది, నా నివేదికలో రాసుకున్న పద్ధతుల్లో ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. జూనియర్లకు వేసి చూపించినప్పుడు ఆ తలుపు షాట్ దగ్గర గది మొత్తం బిగుసుకుపోయింది.

ఇంకో తప్పు కూడా ఈ మూడోసారే బయటపడింది. మొదటి కూర్పులో సినిమా ఎలా మొదలయ్యేదంటే, కెమెరా అమ్మాయి పాదాల దగ్గర మొదలై వెనక నుంచి నెమ్మదిగా పైకి వెళ్లేది. ఎందుకలా అని మా కెమెరా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. అలాగే తీస్తారు కదా అన్నాను. అలాగే తీస్తారు, నిజమే. కెమెరా మగవాడి చూపుని తనదిగా చేసుకుంటుందని, తెర మీద ఆడమనిషి చూడబడే వస్తువుగా మిగిలిపోతుందని లారా మల్వీ అనే బ్రిటిష్ సినిమా విమర్శకురాలు 1975లోనే రాసింది, మేమంతా అది చదువుకున్నాం కూడా. చదువుకున్నది వేరు, రాత్రి పదకొండింటికి కెమెరా బిగించేటప్పుడు చేతులకు అలవాటైనది వేరు. ఆ షాట్ చూస్తుంటే ప్రేక్షకుడు వెంటాడేవాడి స్థానంలో ఉంటాడు, ఆమెకు ప్రమాదం వస్తుందా అని భయపడే బదులు ఆమెను వెంటాడుతూ ఉంటాడు. దాన్ని తీసేసి, ఆమె ఏం వింటోందో, ఏం చూస్తోందో అక్కడి నుంచి మొదలుపెట్టాం. ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అది మగవాడి గురించి కాకుండా ఉండాలి అని ఒక కొలత ఉంది కదా, 1985లో ఆలిసన్ బెక్‌డెల్ గీసిన కామిక్‌లోంచి వచ్చినది, మా సినిమా దాంట్లో నెగ్గదు, కథంతా ఒకే అమ్మాయి మీద నడుస్తుంది. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు, అది కనీసపు కొలత మాత్రమే, కానీ ఆ మొదటి షాట్ గురించి మాత్రం సిగ్గుపడ్డాను.

లైటింగ్ సంగతి ఇంతకంటే లోతైనది, దీని గురించి విద్యార్థులకు ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మా సినిమాలో ఆమె స్నేహితురాలి పాత్ర ఒకటి ఉంది, మొదట్లో వచ్చి వెళ్లిపోతుంది. ఆ అమ్మాయిది నల్లటి చర్మం, నాయికది బాగా తెలుపు. ఇద్దరినీ ఒకే ఫ్రేమ్‌లో నిలబెట్టి, నాయిక ముఖానికి లైట్ సరిచూసుకుని తీసేశాం. తెర మీద చూస్తే స్నేహితురాలు చీకట్లో కలిసిపోయింది, కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు, ఆమె ఎంత బాగా నటించిందో ఎవరికీ తెలియదు. మేము కావాలని చేయలేదు. కానీ కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తన ముందున్న ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది, దానికి మనుషులు తెలియదు, ఎవరి కోసం సరిచూడాలో మేమే చెప్పాలి. మేము ఎవరి కోసం చెప్పామో ఆ ఫ్రేమ్ చూస్తే తెలిసిపోతుంది. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఒక ఫోటో కార్డు పంపేది, షర్లీ కార్డు అనేవాళ్లు, అందులో ఉన్నది తెల్లని చర్మం ఉన్న అమ్మాయి. దశాబ్దాల పాటు ఆ చర్మం సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టు. మిగిలినవాళ్లు ఎలా వచ్చినా సరే. ఇప్పుడు కార్డులు పోయాయి, అలవాటు పోలేదు. మేము మళ్లీ తీసినప్పుడు ఆ అమ్మాయికి విడిగా లైట్ పెట్టాం. నేరుగా గట్టిగా కొట్టకుండా, పెద్ద థర్మకోల్ షీట్ మీద కొట్టి, ఆ మెత్తటి వెలుగు ఆమె బుగ్గ మీద మెరిసేలా నిలబెట్టాం. నల్లటి చర్మానికి ఎక్కువ లైట్ కాదు కావలసింది, ఆ మెరుపు కావాలి. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలు మొదటిసారి మేము ఆమెకు ఇవ్వలేదు.

మా జూనియర్లు తీసిన సినిమా ఒకటి ఉంది, మనసుతో తీశారు. వినికిడి లేని అమ్మాయి కథ, ఆ పాత్రకు నిజంగానే వినికిడి లేని అమ్మాయిని తీసుకున్నారు, అంతవరకు మాకంటే వాళ్లే నయం. వినికిడి లేని అమెరికన్ నటి మార్లీ మాట్లిన్ 1987లోనే ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది, వినికిడి లేని నటులు దొరకరని ఇప్పుడు ఎవరూ సాకు చెప్పకూడదు. అయితే ఆ పిల్లలు, ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశాన్ని అందరూ తీసినట్టే తీశారు, ఈమె క్లోజప్, ఆమె క్లోజప్, మార్చి మార్చి. క్లోజప్‌లో ముఖం ఉంటుంది, చేతులు ఉండవు. ఆ అమ్మాయి మాట్లాడేది చేతులతో. ఆమె మాటలన్నీ ఫ్రేమ్ బయట కిందపడిపోయాయి. పైగా ఒకరు మాట్లాడుతుండగా వినేవారి ముఖం చూపించడం మాకు బాగా ఇష్టమైన కట్, గొంతు వెనకాల వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది, సైగల భాషలో కుదరదు, చేతులు కనిపించని క్షణం ఆమె నోరు మూసినట్టే. ఆ సినిమా చూసిన వినికిడి లేని ప్రేక్షకులకు తమ భాష మాట్లాడే పాత్ర దొరికింది, కానీ ఆ పాత్ర ఏమంటోందో తెలియలేదు. నడుము దాకా కనిపించే షాట్లు తీసి, ఒకరి సైగ పూర్తయ్యేదాకా ఆగి కట్ చేసి ఉంటే సరిపోయేది. పద్ధతి తప్పు కాదు, అది చెవులతో వినేవాళ్ల కోసం తయారైనది, అంతే. ఎవరి కోసం తయారైందో అడగకుండా వాడితే ఇలా అవుతుంది.

పద్ధతులు ఆకాశం నుంచి ఊడిపడలేదు కూడా. హాలీవుడ్ 1930లో తనకు తాను ఒక నియమావళి రాసుకుంది, 1934 నుంచి గట్టిగా అమలు చేసింది, అందులో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమ సంబంధం చూపించకూడదన్నది ఒక నిబంధన. 1956లో ఆ నిబంధనను తీసేశారు, 1968లో మొత్తం నియమావళి స్థానంలో ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పే రేటింగ్‌లు వచ్చాయి. కానీ ఇరవై ఏళ్లకు పైగా ఒకరు ప్రేమికులుగా, ఇంకొకరు తలుపు తీసే పనివాళ్లుగా కనిపించాక, నియమం పోయినంత మాత్రాన కళ్లకు పడిన అలవాటు పోతుందా? మేము ఇవాళ "ఈ తరహా సినిమా ఇలాగే ఉంటుంది" అని నేర్చుకునే దానిలో అలాంటి పాత నిబంధనలు ఎన్ని కలిసిపోయి ఉన్నాయో ఎవరైనా మాకు విడదీసి చెప్పాలి.

నాకు తరచూ ఎదురయ్యే వాదన ఒకటి ఉంది. షార్ట్ ఫిల్మ్‌లో టైమ్ ఉండదు, ఎనిమిది నిమిషాల్లో మనిషిని పరిచయం చేయాలంటే గుర్తులు కావాలి, చూడగానే తెలిసిపోవాలి, కాబట్టి మూస పాత్రలు తప్పవు అంటారు. మా క్లాసులో తెలివైనవాళ్లే అంటారు ఈ మాట. మూస అన్న మాట మీ పనికి దగ్గరిదే సార్. ఇంగ్లిష్‌లో స్టీరియోటైప్ అన్నది అచ్చు యంత్రాల మాట, అక్షరాలు పేర్చిన పేజీని ఒకే లోహపు పలకగా పోతపోసి ఎన్ని ప్రతులైనా తీయడం. వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికన్ జర్నలిస్టు 1922లో ఆ మాటను మనుషుల తలల్లో ఉండే అచ్చులకు వాడాడు, చూసి తెలుసుకోకుండా తెలిసినదాన్నే చూస్తామని ఆయన బాధ. మన భాషలో కూడా అది పోతపోసే వస్తువు పేరే. పలక ఒకసారి పోతపోశాక అందులో ఒక్క అక్షరం మార్చడం కూడా చాలా కష్టం. పాత్రను త్వరగా పరిచయం చేయడం వేరు, మార్చడానికి వీల్లేకుండా పోతపోయడం వేరు. ఆ అన్నయ్య తెర మీద ఉన్నది మొత్తం 70 సెకన్లు. చెల్లెలు ఫోన్ పెట్టేస్తుందేమోనని అనవసరమైన కబుర్లు చెబుతాడు, మధ్యలో ఒకసారి గొంతు తడబడుతుంది, ఛార్జర్ కోసం వెతుక్కుంటాడు. 70 సెకన్లలో అతను అన్నయ్య అని అందరికీ తెలిసింది. ఏం చేస్తున్నాడో చూపిస్తే చాలు, ఎలా ఉన్నాడో చూపించి తేల్చేయనక్కర్లేదు.

యాస సంగతి ఇంతే, పెద్దగా రాయను. ఒక ప్రాంతపు యాస మాట్లాడే పాత్ర మీ సినిమాలో ఒక్కటే ఉండి, అది నవ్వించే పాత్రే అయితే, ఆ యాసలో అమ్మతో మాట్లాడే క్లాస్‌మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా చూడండి.

అలాగని వెనకబడినవాళ్లను, వైకల్యం ఉన్నవాళ్లను, తక్కువమంది ఉన్న వర్గాలవాళ్లను దేవుళ్లలా చూపించమని కాదు. అది ఇంకో రకం మూస, దాంట్లోనూ ఊపిరాడదు. మా ఎడిటర్ ఏదో ఒకరోజు విలన్‌గా చేస్తానంటున్నాడు, నిజంగానే, మంచి విలన్ పాత్ర ఎవరికి చేదు? కానీ అతను విలన్ అవడానికి కారణం కథలో ఉండాలి, డబ్బో, అసూయో, పాత పగో, ముఖం కాదు. ఒక వర్గం నుంచి ఒకే ఒక్క పాత్ర ఉన్నప్పుడు ఆ వర్గం మొత్తాన్నీ ఆ ఒక్కడే మోయాల్సి వస్తుంది. ఇద్దరుంటే, ముగ్గురుంటే ఆ బరువు తగ్గుతుంది, అప్పుడు వాళ్లలో ఒకరు దొంగ అయినా ఎవరికీ అన్యాయం జరగదు. ఇంకొకటి, ఆ వర్గంవాళ్లు కెమెరా ముందు మాత్రమే కాకుండా కెమెరా వెనకాల, స్క్రిప్ట్ రాసే బల్ల దగ్గర, ఎడిటింగ్‌లో ఉండాలి. మా టీమ్‌లో అతను ఉన్నాడు, ఉన్నా నేను అడగలేదు, ఉండటం ఒక్కటే చాలదని అలా తెలిసింది.

కోర్సులు నడిపేవాళ్లకు, పోటీల్లో మార్కులు వేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఆ రెండో ప్రశ్నను స్క్రిప్ట్ ఆమోదించే రోజున అడగండి. ఈ పాత్ర ఎవరు, ఈ పాత్రకు ఈ మనిషినే ఎందుకు తీసుకున్నారు, వేరొకరు చేస్తే కథ నిలబడదా, నిలబడకపోతే ఆ కథ దేని మీద నిలబడి ఉంది అని. మాకు జవాబు లేకపోతే వెనక్కి పంపండి, ఏమీ కాదు, రెండు వారాలు ఆలస్యమవుతుంది. మేము రెండు రాత్రుల షూటింగ్ పారేసుకుని నేర్చుకున్నాం, అతను ఏం పారేసుకున్నాడో నాకు లెక్క తెలియదు. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. విద్యార్థుల సినిమాల గురించి మళ్లీ రాసినప్పుడు కెమెరా బాగుందా, ఎడిటింగ్ బాగుందా అన్నదాని పక్కనే ఎవరిని ఎలా చూపించారన్నది కూడా రాయండి. పత్రికలో పేరు చూసుకోవాలని మాకు ఎంత ఆశ ఉంటుందో మీకు తెలుసు, మీరు దేన్ని మెచ్చుకుంటే రాబోయే ఏడాది పిల్లలు దాన్నే తీస్తారు.

ఈ ఉత్తరం పంపే ముందు అతనికి చూపించాను, అతని అనుమతితోనే పంపుతున్నాను. మొదట రాసిన ప్రతిలో అతని గురించి వచ్చిన ప్రతిచోటా "మచ్చ ఉన్న అబ్బాయి" అని రాశాను. అతను చదివి పెన్సిల్‌తో ఒక్కొక్కటీ కొట్టేసి, పైన "మా ఎడిటర్" అని రాసి ఇచ్చాడు. అలాగే మార్చాను.

ఇట్లు,
సినిమా కోర్సు ఆఖరి సంవత్సరం విద్యార్థిని